దమ్‌దమ్ ప్లేటు, ఇంగ్లాండు ప్లేటు, సంతకం: బరంపురంలో కొనేవాళ్ళకి ఏది మేలు?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పాత ఇంగ్లీషు రాక్ సరుకు అమ్మకానికి వస్తే మూడు రకాలుగా వస్తుంది. కలకత్తా పక్కన దమ్‌దమ్‌లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా అచ్చువేసిన ప్లేట్లు (గ్రామఫోన్ రికార్డులు) ఒకటి. ఇంగ్లాండులో అచ్చయి, ఎవరి సామానుతోనో ఇక్కడికి చేరిన ప్లేట్లు రెండోది. సంతకాలున్న ఫోటోలూ కాగితాలూ మూడోది. ఒక భూతద్దం, ఒక టార్చి పట్టుకుని బేరానికి వెళ్ళేవాళ్ళు దమ్‌దమ్ ప్లేటుతోనే మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాం. ఇంగ్లాండు మొదటి ముద్రణకి ధర ఎక్కువ, నిజమే. కాని అక్కడ పొరపాటుకి కట్టే జరిమానా కూడా ఎక్కువే.

ముందు ప్లేటు ఎక్కడిదో తేల్చాలి. కవరు నమ్మొద్దు. టార్చి వెలుగులో ప్లేటుని ఏటవాలుగా పట్టుకుని, పాట గాడి అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి పట్టీ చూడండి. ఇంగ్లాండులో ఈఎంఐ అనే రికార్డు కంపెనీ వేసిన ప్లేటైతే, లేబుల్‌ని గడియారం అనుకుంటే, ఆరు దగ్గర మాట్రిక్స్ నంబరు (ఆ వైపు రికార్డింగు గుర్తు), తొమ్మిది దగ్గర మదర్ నంబరు (స్టాంపర్లు తీసే మూల లోహపు అచ్చుది), మూడు దగ్గర స్టాంపర్ (ప్లేటుని నొక్కే లోహపు అచ్చు) అక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాలు జి, ఆర్, ఎ, ఎమ్, ఓ, పి, హెచ్, ఎల్, టి, డి. వరసగా 1 నుంచి 9 దాకా, చివరి డి సున్నా. ‘ఆర్ఓ’ అని ఉంటే 25వ స్టాంపర్. మదర్ 1, స్టాంపర్ జి కనిపిస్తే అది తొలి విడత సరుకు, ధర అక్కడే మారిపోతుంది.

ఎక్కువమంది పడే గొయ్యి ఇక్కడే ఉంది. దమ్‌దమ్‌లో చాలా ప్లేట్లకి ఇంగ్లాండు నుంచి వచ్చిన లోహపు అచ్చులే వాడారు. అందుకని ఎక్స్ఈఎక్స్ (మోనో), వైఈఎక్స్ (స్టీరియో) అని మొదలయ్యే ఈఎంఐ నంబర్లు మన ప్లేట్ల మీదా ఉంటాయి. ఆ నంబరు చూపించి ‘లండన్ సరుకు’ అంటే ఒప్పుకోవద్దు. లేబుల్ అంచు చుట్టూ ఉన్న సన్నక్షరాలు పూర్తిగా చదవండి, కవరు వెనక అడుగున ఏ కంపెనీ పేరు అచ్చయిందో చూడండి. ఇంగ్లాండు కవరులో దమ్‌దమ్ ప్లేటు పెట్టి అమ్మడం మామూలే. కవరుకీ ప్లేటుకీ విడివిడిగా ధర కట్టాలి.

ఇంగ్లాండు ప్లేటులో ‘మొదటి ముద్రణ’ అన్న మాట కూడా ఊరికే ఒప్పుకోకూడదు. బీటిల్స్ 1963లో తెచ్చిన తొలి ఎల్పీ (ఎక్కువ పాటలు పట్టే పెద్ద ప్లేటు) ‘ప్లీజ్ ప్లీజ్ మీ’కి మొదట నల్ల లేబుల్ మీద బంగారు రంగు అక్షరాలుండేవి. అదే ఏడాది పసుపు అక్షరాల లేబుల్ వచ్చేసింది. బంగారు లేబుళ్ళలోనూ పాటల హక్కుదారుగా డిక్ జేమ్స్ పేరున్నవి ముందువి, నార్తర్న్ సాంగ్స్ అని ఉన్నవి తర్వాతవి. స్టీరియోలో బంగారు లేబుల్ చాలా అరుదు. పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ అయితే లేబుల్ మీద త్రికోణం నిండా నీలం ఉండాలి, లోపల రెండు పోస్టర్లు, రెండు స్టిక్కర్లు ఉండాలి. అవి లేకపోతే ఆ మేరకు ధర తగ్గించి అడగండి.

దొంగ ముద్రణల్ని కవరే పట్టిస్తుంది. పది రెట్ల భూతద్దంతో నల్లటి అక్షరం అంచు చూస్తే, అసలుదానిలో సిరా నిండుగా, అంచు పదునుగా ఉంటుంది. స్కాన్ చేసి వేసినదానిలో అక్షరం లోపల కూడా రంగు చుక్కలు కనిపిస్తాయి.

దమ్‌దమ్ సరుకులో అసలైన నిధి 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు. ఇంగ్లాండులో 1960 నాటికే 78లు ఆగిపోయాయి. మన దగ్గర కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లు ఇంకా నడుస్తున్నందున 1960ల మధ్య దాకా బీటిల్స్ పాటలు కూడా 78 మీద వచ్చాయి. వీటి కోసం విదేశీ సేకర్తలు పోటీ పడతారు. ఇవి లక్కతో చేసినవి, చెయ్యి జారితే ముక్కలే. స్పిరిటు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దగ్గరికి రానివ్వకండి, లక్క కరిగి గాడి పోతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి గుడ్డ చాలు. వినైల్ ఎల్పీకైతే నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్‌కి ఒక వంతు ఐసోప్రొపైల్ కలిపి, లేబుల్ తడవకుండా తుడవొచ్చు. 70ల చివర నుంచి వచ్చిన దమ్‌దమ్ ఎల్పీల్లో చిటపట శబ్దం ఎక్కువ. అది మురికి కాదు, ఎంత కడిగినా పోదు. వినకుండా కొనకండి.

ధర కట్టేది స్థితిని బట్టే. అమెరికా రికార్డుల పత్రిక గోల్డ్‌మైన్ పద్ధతిలో కొత్తదానితో సమానంగా ఉన్న ‘నియర్ మింట్’ ధరలో ‘వెరీ గుడ్ ప్లస్’ది సుమారు సగం, ‘వెరీ గుడ్’ది పావు. నియర్ మింట్ 8,000 పలికే ప్లేటు సన్నగీతలతో ఉంటే 4,000, గీతలు వినిపిస్తుంటే 2,000. రికార్డులు అమ్మే వెబ్‌సైటు డిస్కాగ్స్‌లో అడుగుతున్న ధర చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. గోపాల్‌పూర్ సముద్రపు గాలికి మన ప్లేట్లు ‘నియర్ మింట్’ ఉండటం అరుదు. కవరు మీద మెరుపు పొర లేస్తుంది, లోపలి కాగితం బూజు పట్టి గాడిలో తెల్లమచ్చ వేస్తుంది. ఆ మచ్చ తుడిస్తే పోయినట్టే ఉంటుంది, వినేటప్పుడు మాత్రం సొద తెలిసిపోతుంది.

ఇక సంతకాలు. రోడ్ మేనేజర్లు నీల్ ఆస్పినాల్, మాల్ ఎవాన్స్ బీటిల్స్ తరఫున సంతకాలు పెట్టేవారన్నది అందరికీ తెలిసిన సంగతే. అంటే 1960ల నాటి కాగితం, సిరా అయినంత మాత్రాన సంతకం బీటిల్స్‌దని కాదు. మీరు చేయగలిగింది అబద్ధాన్ని పట్టుకోవడం. గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 1970 సెప్టెంబరులో పోయాడు, కవర్ల మీద బార్‌కోడ్ ఆ తర్వాతి సంగతి, అందుకని బార్‌కోడ్ ఉన్న కవరు మీద అతని సంతకం ఉండటానికి వీల్లేదు. ‘1968 ఏప్రిల్‌లో రిషికేశ్‌లో బీటిల్స్ నలుగురూ సంతకం చేసి ఇచ్చారు’ అని తేదీతో సహా చూపిస్తే, వాళ్ళలో డ్రమ్మర్ రింగో మార్చి మొదట్లోనే వెళ్ళిపోయాడని గుర్తుచేయండి. నలుగురూ అక్కడ కలిసి ఉన్నది ఫిబ్రవరిలో సుమారు పది రోజులే. వీటన్నిటినీ దాటినా సంతకం అసలుదని తేలినట్టు కాదు. దానికి విదేశీ నిపుణుల ఫీజు, పోస్టేజీ పెట్టాలి. ఎవరిచ్చారో తెలియని సర్టిఫికెట్‌కి విలువ కట్టకండి.

కొన్నది కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్ వ్యాపారికో, విశాఖ సేకర్తకో పంపేటప్పుడు ప్లేటుని కవరులోంచి తీసి, లోపలి కాగితంతో సహా కవరు వెనక పెట్టి, రెండు వైపులా అట్ట వేసి కట్టండి. లోపలే వదిలేస్తే దారి కుదుపులకి ప్లేటు అంచు తగిలి కవరు అతుకు చీలుతుంది, దాంతో కవరు గ్రేడు ఒక మెట్టు దిగుతుంది.