మా వీధి క్లినిక్: హస్తవాసి మంచిది, చీటీయే పొడుగు

కొర్లగుంటలో మా వీధి క్లినిక్‌కి అమ్మను మూడేళ్లుగా తీసుకెళ్తున్నా. డాక్టరు గారు ఓపిగ్గా వింటారు, బీపీ రెండుసార్లు చూస్తారు. ఫీజు 300. ఇబ్బందల్లా చీటీతోనే. షుగరుకు మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టన్ సరే. జలుబుకు వెళ్లినా గ్యాస్ మాత్ర, విటమిన్ క్యాప్సూల్ తప్పవు. అన్నీ బ్రాండు పేర్లే, అవీ కింద మందుల షాపులోనే దొరికేవి! నెలకు 1,450 అయ్యేది. పోయిన నెల మొహమాటం వదిలి, "సార్, అసలు మందు పేరు రాయండి, జనౌషధిలో కొంటాం" అన్నా (బ్రాండు లేని మందులు చౌకగా అమ్మే ప్రభుత్వ పథకం షాపు అది). మొహం కాస్త చిట్లించినా రాశారు. అవే మందులు, అదే మోతాదు, 380. అమ్మకే నమ్మకం కుదరలేదు: "ఇంత చౌకది పని చేస్తాదా నాయనా?" బీపీ మాత్రం 130/80 దగ్గరే ఉంది. విటమిన్ ఎందుకని అడిగితే "బలానికి" అన్నారు. ఆయన్నే ఒప్పించి అది మాన్పించా.