నత్తి మొదలైన పసివాళ్లకు ఏది మేలు: వేచి చూడటమా, ఇంటి తీరు మార్చడమా, మాటకు నేరుగా సాధనా?

ఉదయగిరి వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి నెల్లూరుకు వచ్చిన ఒక తల్లి, నాలుగేళ్ల కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకొని నన్ను మొదట అడిగిన మాట ఇది: "మేడం, వీడికి ఇప్పుడే ట్రీట్‌మెంట్ మొదలుపెట్టాలా, ఇంకొన్నాళ్లు చూడమంటారా?" పక్కనే కూర్చున్న అత్తగారు అప్పటికి ఆరు నెలలుగా వసకొమ్మును తేనెతో అరగదీసి మనవడి నాలుకకు రాస్తున్నారు. పిల్లవాడు కిటికీలోంచి చూస్తూ "బ... బ... బ... బస్సు పోతా ఉంది" అన్నాడు. మొదటి అక్షరం దగ్గర వాడి కళ్లు గట్టిగా మూసుకుపోవడం, పిడికిలి బిగుసుకోవడం నేను గమనించాను. స్పీచ్ థెరపిస్టుగా ఈ ప్రశ్నకు నేను తరచుగా జవాబు చెప్పవలసి వస్తుంది. చెప్పే జవాబు పిల్లవాడిని బట్టి, ఆ ఇంటిని బట్టి మారుతుంది కనుక, ఏ దారి ఎవరికి మేలో కాస్త వివరంగా రాస్తున్నాను.

వసను ఈ తూకంలో పెట్టడం లేదు. పసివాళ్లకు మాటలు త్వరగా రావాలని మన ఇళ్లలో వస పెట్టడం పాత అలవాటే, కానీ నత్తి నాలుక మందం వల్ల వచ్చేది కాదు. మాటను కూర్చి సమయానికి నోటికి అందించే మెదడు పనితీరులోని తేడా అది, అందులో వంశపారంపర్యం పాలు గట్టిగానే ఉందని కవలల మీద, కుటుంబాల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాక్ అనే సర్జన్ నత్తి పోతుందని రోగుల నాలుకలే కోశాడు, ఆ దారి కొద్దికాలంలోనే మూతపడింది. నత్తి పోవాలని నాలుక కింది తీగ కోయించమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి ఒప్పుకోకండి.

ఏ దారిలో వెళ్లాలన్నా ముందు నత్తి ఎంత ఉందో కొలవాలి. పిల్లవాడు పలికిన ప్రతి 100 అక్షరాల్లో ఎన్నింటి దగ్గర మాట ఆగిందో, సాగిందో, మళ్లీ మళ్లీ వచ్చిందో లెక్కపెట్టడం పరిశోధనల్లో వాడే కొలత. మాటలను కాక అక్షరాలను లెక్కించడం తెలుగుకు మరింత తగినది, ఎందుకంటే "చెప్పాలనుకుంటున్నాను" అన్నది ఒకే మాట అయినా ఎనిమిది అక్షరాలు, ఎనిమిది చోట్ల తడబడే అవకాశం. "పెద్ద పెద్ద", "గబగబా", "చిన్న చిన్న" వంటివి మన భాషలో సహజమైన జంటలు. కొత్తగా పనిలోకి వచ్చినవారు వీటిని కూడా తడబాటు కింద గీసేయడం నేను చూశాను. అలాగే పాట పాడేటప్పుడు, అందరితో కలిసి పద్యం చెప్పేటప్పుడు నత్తి చాలామందిలో మాయమవుతుంది కాబట్టి పాటను బట్టి తీర్పు చెప్పకూడదు. ఇంట్లో, అంగన్‌వాడీలో, కొత్తవారి ముందు మామూలుగా మాట్లాడిన మాటలు ఫోన్‌లో రికార్డు చేసి తెస్తే నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఇక మొదటి దారి, వేచి చూడటం. "పెద్దయితే అదే పోతుందిలే" అన్న మన పెద్దల మాటలో చాలా నిజం ఉంది. పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఏదో ఒక దశలో, ఎక్కువగా రెండు నుంచి అయిదేళ్ల మధ్య, నత్తి మొదలవుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఎహుడ్ యాయిరీ, నికోలిన్ ఆంబ్రోస్ ఏళ్ల తరబడి చేసిన పరిశీలనలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి అది దానంతట అదే తగ్గింది. కానీ ఆ తగ్గుదల నెలల్లో కాదు, ఏళ్లలో వచ్చింది. ఆస్ట్రేలియాలో ఒక పెద్ద పిల్లల బృందాన్ని వెంబడించిన అధ్యయనంలో, నత్తి మొదలైన ఏడాదిలోపు దాన్నుంచి పూర్తిగా బయటపడినవారు 6.3 శాతమే. పైగా ఆ నాలుగోవాడు ఎవరో ముందే కచ్చితంగా చెప్పే పరీక్ష లేదు. మగపిల్లవాడు కావడం, ఇంట్లో పెద్దయ్యాక కూడా నత్తి పోనివారు ఉండటం, మూడున్నరేళ్లు దాటాక మొదలవడం, ఏడాది గడిచినా తగ్గకపోవడం, ఇవి వేచి చూడటానికి వ్యతిరేకంగా నిలిచే గుర్తులు. మూడేళ్ల పాప, మొదలై నాలుగు నెలలు, పాపకు దిగులు లేదు, ఇంట్లో ఎవరికీ లేదు అంటే, నెలనెలా కొలుస్తూ ఆగమనే నేను చెబుతాను. కళ్లు మూసుకొని పిడికిలి బిగించే పిల్లవాడి విషయంలో అలా చెప్పలేను.

రెండవది ఇంటి తీరు మార్చడం. పిల్లవాడి మాటల శక్తికి మించిన బరువు చుట్టూ ఉన్నవారి నుంచి పడుతోందనుకుంటే ఆ బరువు దించాలన్నది దీని ఆలోచన. పెద్దవాళ్లు నిదానంగా మాట్లాడటం, వాడు ముగించాక ఒక్క క్షణం ఆగి జవాబివ్వడం, ప్రశ్న మీద ప్రశ్న వేయకపోవడం, రోజూ పదిహేను నిమిషాలు వాడితోనే ఆడటం ఇందులోని పని. నత్తి గురించి పిల్లవాడికి నేరుగా ఏ సవరణా చెప్పరు.

మూడవది నేరుగా సాధన చేయించే లిడ్‌కోంబ్ పద్ధతి. సిడ్నీలోని ఒక పేట పేరు దీనికి వచ్చింది; మార్క్ ఆన్‌స్లో, ఆయన సహచరులు దీన్ని రూపొందించారు. ఇందులో చికిత్స చేసేది థెరపిస్టు కాదు, తల్లి లేదా తండ్రి. థెరపిస్టు వారానికోసారి చూసి సరిదిద్దుతారు. ఇంట్లో రోజూ పది, పదిహేను నిమిషాలు తేలిక మాటలతో ఆడుతూ, తడబడకుండా వచ్చినప్పుడు మెచ్చుకోవాలి, ఎప్పుడో ఒకసారి మాత్రమే తడబాటును ప్రస్తావించాలి. తల్లి రోజూ 0 నుంచి 9 వరకు ఒక అంకె వేస్తుంది: 0 అంటే నత్తి లేదు, 9 అంటే అతి తీవ్రం. నేను తల్లులకు చెప్పే మాటలు ఇవి: "మాట ఎంత నున్నగా వచ్చిందో!", "ఇక్కడ చిన్న గతుకు పడింది, మళ్లీ చెప్తావా?" గతుకుల రోడ్డు మన పిల్లలందరికీ తెలుసు కాబట్టి ఈ మాట వెంటనే అందుతుంది. "గడగడా చెప్పావే" అని మాత్రం మెచ్చుకోవద్దంటాను, దానివల్ల పిల్లవాడు వేగాన్నే గొప్ప అనుకుంటాడు.

ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టిన పరీక్ష నెదర్లాండ్స్‌లో జరిగింది. 2015లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం, మూడు నుంచి ఆరేళ్ల మధ్య వయసున్న 199 మంది పిల్లలను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి చికిత్స చేస్తే, 18 నెలల తరువాత లిడ్‌కోంబ్ జట్టులో 76.5 శాతం, ఇంటి తీరు మార్చిన జట్టులో 71.4 శాతం నత్తి లేకుండా ఉన్నారు. ఈ తేడా గణాంకపరంగా నిలబడేంత పెద్దది కాదు. అయితే మొదటి మూడు నెలల్లో లిడ్‌కోంబ్ జట్టులోనే నత్తి వేగంగా తగ్గింది. ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఏ చికిత్సా ఇవ్వని మూడో జట్టు ఆ పరీక్షలో లేదు, కాబట్టి బాగుపడినవారిలో దానంతట అదే తగ్గినవారు ఎందరో దాన్నిబట్టి చెప్పలేం. ఆ లోటును కొంత తీర్చేది న్యూజిలాండ్‌లో 54 మంది పిల్లలపై జరిగి 2005లో ప్రచురితమైన పరీక్ష. తొమ్మిది నెలల తరువాత లిడ్‌కోంబ్ పిల్లల్లో తడబడిన అక్షరాలు 1.5 శాతం, ఆ చికిత్స పొందని జట్టులో 3.9 శాతం. వైద్య పరీక్షలను ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సమీక్ష 2021లో, చికిత్స పొందని పిల్లలతో పోల్చిన పరీక్షలనే లెక్కలోకి తీసుకుంది; దానికి ఆరేళ్లలోపు పిల్లల విషయంలో తగినవిగా తేలిన పరీక్షలు నాలుగే, ఆ నాలుగూ లిడ్‌కోంబ్‌వే, ఆధారాల బలం చాలా తక్కువని కూడా అది రాసింది. చికిత్స పొందనివారితో పోల్చి చూసిన అలాంటి రుజువు ఇంటి తీరు మార్చే పద్ధతికి ఆపాటి కూడా లేదు.

"నత్తి అన్న మాట వాడి ముందు ఎత్తితే ముదురుతుంది" అన్న భయం లిడ్‌కోంబ్‌కు పెద్ద అడ్డంకి. ఈ భయానికి ఒకప్పుడు పండితుల అండ కూడా ఉండేది. పెద్దవాళ్లు పేరు పెట్టడం వల్లే నత్తి పుడుతుందని అమెరికాలో వెండెల్ జాన్సన్ వాదించాడు. ఆయన పర్యవేక్షణలో 1939లో అయోవాలో 22 మంది అనాథ పిల్లలపై చేసిన ప్రయోగంలో, బాగా మాట్లాడే కొందరికి కూడా మీకు నత్తి ఉందని చెప్పి తప్పులు పట్టారు. ఆ పిల్లలు మాట్లాడటమే తగ్గించి ముడుచుకుపోయారు, కానీ వారికి నత్తి పుట్టలేదని తరువాత ఆ వివరాలను తిరిగి పరిశీలించినవారు తేల్చారు. ఆ క్రూరమైన పనికి అయోవా విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పింది. పిల్లవాడిని కుంగదీసేది ఎత్తిపొడుపు. ప్రేమగా, అరుదుగా చేసే ప్రస్తావనతో ఆ హాని లేదు.

మన ఇళ్ల సంగతికి వస్తే, నా మొగ్గు ఎటో చెబుతాను. తాతా నాయనమ్మా, బాబాయి పిల్లలూ ఒకే వసారాలో తిరిగే ఇంట్లో పిల్లవాడిని సరిదిద్దేవారు ఒక్కరు కాదు. "నిదానంగా చెప్పరా", "ఊపిరి పీల్చుకో", "మళ్లీ అను" అని ఆరుగురు ఆరు వైపుల నుంచి అంటారు. పనిలో చేరిన కొత్తలో అలాంటి ఇంటికి నేను నేరుగా లిడ్‌కోంబ్ చెప్పి పొరపాటు చేశాను. తల్లి చేయాల్సిన సవరణ ఇంటిల్లిపాదీ చేశారు, పిల్లవాడు పదిరోజుల్లో తలుపు వెనకకు చేరాడు. అప్పటి నుంచి ముందు నాలుగు వారాలు ఇంటి తీరు మారుస్తాను, సవరణలన్నీ ఆపిస్తాను. తల్లి వేసిన అంకెలు ఆలోపు దిగితే అలాగే కొనసాగిస్తాను. దిగకపోతే, లేదా పిల్లవాడు అయిదేళ్లకు దగ్గరై ఒకటో తరగతి గుమ్మంలో ఉంటే, ఆలస్యం చేయకుండా లిడ్‌కోంబ్‌కు వెళతాను, సాధన చేయించే మనిషి ఇంట్లో ఒక్కరే అన్న షరతుతో. బడిలో వెక్కిరింత మొదలుకాకముందే తగ్గడం ముఖ్యం కనుక, ఆ వయసులో తొలి మూడు నెలల వేగానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

వారం వారం రావడం ఎలా అన్నది ఉదయగిరి, కనిగిరి వైపు వారికి నిజమైన కష్టం. రానూపోనూ రోజంతా పోతుంది, కూలి పోతుంది. ఆస్ట్రేలియాలో 49 మంది పిల్లలతో చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో వీడియో ద్వారా నడిపిన లిడ్‌కోంబ్, క్లినిక్‌లో నడిపినదానికి తీసిపోలేదు. అందుకే మొదటి రెండుసార్లు ఎదురుగా చూసి, తరువాత ఫోన్‌లోనే నడుపుతాను.

ఆ ఉదయగిరి ఇంట్లో చివరి చిక్కు నేను ఊహించని చోట వచ్చింది. మనవడిని పొద్దస్తమానం ఎదురుగా మెచ్చుకోవడానికి అత్తగారు ఒప్పుకోలేదు, "దిష్టి తగులుద్ది తల్లీ" అన్నారు. మెప్పు లేకపోతే లిడ్‌కోంబ్ పద్ధతే లేదు. మరుసటి వారం ఫోన్‌లో తల్లి చూపిన అంకెల కాగితంలో ఒక కొత్త గడి కనిపించింది: రోజూ సాధన అయ్యాక నాయనమ్మ ఉప్పుతో దిష్టి తీసినట్టు అక్కడ టిక్కు పెట్టి ఉంది, దాని పక్కన ఆ రోజు అంకె, ఆరు నుంచి నాలుగుకు దిగి ఉంది.