బొబ్బిలి యుద్ధంలో మా ముత్తాత లేడు

పన్నెండు వేలు పుచ్చుకుని వంశవృక్షాలు తయారుచేసే ఒకాయన మా చేతిలో పెట్టింది లామినేషన్ చేయించిన ఒక చార్టు. మధ్యలో మర్రిచెట్టు బొమ్మ, కొమ్మకో పేరు, మొత్తం ఏడు తరాలు. మా మూలపురుషుడు 1757లో బొబ్బిలి కోటలో తాండ్ర పాపారాయుడి పక్కన నిలబడి కత్తి తిప్పాడని అడుగున రాసి ఉంది. అన్నయ్య ఆఫీసులో ఇంకొకాయనకీ ఇదే చార్టు, ఇదే యుద్ధం, పేర్లే తేడా. డబ్బు కట్టిన వాళ్లందరి తాతలూ నిజంగా అక్కడ ఉండి ఉంటే ఫ్రెంచి సేనాని బుస్సీ ఎన్ని ఫిరంగులు తెచ్చినా ఆ కోట పడేది కాదు.

డబ్బు కట్టింది అన్నయ్య. చార్టు చూసి చిన్నాన్న, "మా తాత రంగం పోయి ఓడల్లో బియ్యం బస్తాలు మోశాడురా. కత్తెక్కడిది?" అన్నాడు. రంగమంటే బర్మాలోని రంగూన్. అన్నయ్యకి ముఖం మాడింది. ఆ మాట తేల్చుకుందామనే అమ్మ, చిన్నాన్న, అన్నయ్య, నేను శ్రీకాకుళం బయల్దేరాం.

రైలు ప్రయాణం బాగానే జరిగింది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, ఊళ్లో కాదు. ఆటోకి 500 అడిగాడు, 350కి వచ్చాడు.

లాడ్జి గురించి మాత్రం చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఏసీ రూము 1,800, "24 గంటల చెకౌట్". దిగాక ఏసీ రిమోట్ కావాలంటే 300 డిపాజిట్ అన్నారు. వేడినీళ్లు బకెట్ 30 రూపాయలు, అదీ ఉదయం ఏడులోపే. దుప్పటి మార్చమంటే కుర్రాడు అదే దుప్పటి తిరగేసి పరిచాడు! చిన్నాన్నకి మోకాళ్ల నొప్పులు, లిఫ్టు ఉందని ఫొటో పెట్టారు, ఆ లిఫ్టులో పాత పరుపులు నిలబెట్టి ఉన్నాయి. రాత్రి తొమ్మిదికి దిగితే పొద్దున ఎనిమిదిన్నరకి తలుపు బాది, ఖాళీ చేయకపోతే ఇంకో రోజు బిల్లన్నారు. 24 గంటలన్నారు కదా అంటే, "అది సింగిల్ రూములకండీ" అట. రిమోట్ డిపాజిట్‌లో వంద కోసుకుని రెండొందలు ఇచ్చారు. అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, బుక్ చేసింది నేను కాకపోయినా. అక్కడే ఉండాల్సి వస్తే ముందు రూము చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

శ్రీకూర్మం వెళ్లాం. కూర్మనాథుడు పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి ధ్వజస్తంభాలు రెండు. మా వైపు కాశీ దాకా పోలేనివాళ్లు పితృకార్యాలు ఇక్కడే చేసుకుంటారు. సామగ్రితో కలిపి 1,100కి పురోహితుడు ఒప్పుకున్నాడు, అడిగినదానికి పైసా ఎక్కువ తీసుకోలేదు. తండ్రి పేరు, తాత పేరు చిన్నాన్న చెప్పాడు. తన ముత్తాత పేరు దగ్గర ఆగిపోయాడు. అన్నయ్య ఫోన్‌లో చార్టు తెరిచి "వీరభద్రరాయుడు" అని అందించబోతే చిన్నాన్న కసిరాడు. "ఎవరి తాతకో నేను నీళ్లొదలను." పేరు లేకుండానే తర్పణం అయింది.

కళింగపట్నంలో బోర్డు లేని ఒక ఇంటి మెస్సులో తిన్న కోనాం చేప పులుసు ఈ ప్రయాణానికే హైలైట్. ముందురోజు పులుసట, చింతపండు ముక్కలోపలికి దిగిపోయింది. మనిషికి 130, అన్నం ఎంతైనా. లాడ్జి కోపం అమ్మకి అక్కడ తగ్గింది. తినేశాక లైట్‌హౌస్ దాకా నడిచాం. వంశధార సముద్రంలో కలిసే ఈ చోటు ఒకప్పుడు రేవు. ఇక్కడి నుంచి, భీమిలి, బారువల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు జనాన్ని రంగూన్ తీసుకుపోయేవి. ఇప్పుడక్కడ రేవు లేదు, పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

పక్కనే ఉన్న మా ఊళ్లో వీఆర్వో మంచి మనిషి. పాత జమీందారీ గ్రామాల్లో ఆర్.ఎస్.ఆర్. అనే పాత భూముల రిజిస్టరు అడిగితే దొరకదు, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఎస్.ఎఫ్.ఎ.) అనే భూముల లెక్క పుస్తకం అడగాలని చెప్పింది ఆయనే. అంతకు ముందు ఆఫీసులో ఒక గుమస్తా గంటన్నర కూర్చోబెట్టి "కంప్యూటర్‌లో లేదంటే లేదండీ" అని పంపేశాడు. వీఆర్వో చెప్పినట్టు ఎస్.ఎఫ్.ఎ. అని రాసిస్తే రికార్డు రూములో పుస్తకం దొరికింది. మా తాత పేరున 62 సెంట్ల మెట్ట. ఆయన తండ్రి పేరు కూడా ఉంది, రంగం పోయిన ముత్తాత. అంతకుపైన ఏమీ లేదు.

అసలు కాగితం విశాఖలో దొరికింది, కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో. బర్మాలో నెవిన్ సైనిక ప్రభుత్వం షాపులన్నీ స్వాధీనం చేసుకున్నాక 1964లో ఓడెక్కి వచ్చేసిన అత్త ఒకావిడ అక్కడ ఉంటుంది, చిన్నాన్నకి వరసకి అక్క. టేకు పెట్టె అడుగు నుంచి నాలుగు మడతల ప్రాంసరీ నోటు తీసింది. 1928. అయిదో జార్జి బొమ్మ ఉన్న అణా స్టాంపు మీద వేలిముద్ర. "గంజాం జిల్లా, చికాకోలు తాలూకా... కూర్మయ్య కుమారుడు... రంగం పోవుటకు టిక్కెట్టు, దారి ఖర్చుల నిమిత్తం పుచ్చుకున్న రు. 30లు". చికాకోలంటే శ్రీకాకుళమే. ఇచ్చినవాడు మేస్త్రీ, అంటే కూలీల్ని పోగుచేసి తీసుకెళ్లేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలీ మేస్త్రీ చేతిలోనే ఉండాలి, అదే పద్ధతి. వెనకవైపు 1931లో "అసలు, వడ్డీ ముట్టినవి" అని చెల్లు రాసి ఉంది. అంటే 1930 మేలో రంగూన్ రేవులో మనవాళ్ల సమ్మె, ఆ తర్వాత బర్మావాళ్లతో అల్లర్లు జరిగినప్పుడు ముత్తాత ఇంకా బాకీలోనే ఉన్నాడు. ఆ అల్లర్లలో ఎక్కువగా చచ్చింది తెలుగు కూలీలే.

1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులు వేశాక ఆయన అరకాన్ దారిన చిట్టగాంగు దాకా నడిచి వచ్చాడట. ఆయన విశాఖ చేరిన కొద్దిరోజులకే, 1942 ఏప్రిల్ 6న, ఇక్కడా బాంబులు పడ్డాయి. "ముసలాడు నవ్వేవాడు, నా వెనకే వచ్చారు అని," అంది అత్త. చిన్నాన్న కూర్మయ్య అన్న పేరు నాలుగుసార్లు చదివాడు. అత్త టీ ఇచ్చింది, డబ్బు ఇవ్వబోతే తిట్టింది.

ఈ పని పెట్టుకునేవాళ్లకి ఒకటే మాట. పాత కాగితంలో గంజాం జిల్లా అని కనబడగానే బరంపురం పరిగెత్తకండి. శ్రీకాకుళం ప్రాంతం 1936 దాకా గంజాం జిల్లాలోనే ఉండేది, ఒడిశా ఏర్పడినప్పుడు విశాఖ జిల్లాలో కలిసింది. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చాలావరకు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ముందు మాత్రం ఇంట్లో ముసలివాళ్ల పెట్టెలు వెతకండి. మాకు నలుగురికీ టిక్కెట్లు, తిండి, కారు అన్నీ కలిపి 19,400 అయింది, చార్టు పన్నెండు వేలు కాకుండా.

తిరుగు రైల్లో అన్నయ్య ఎగ్మూరు ఎప్పుడు వెళ్దామని మొదలుపెట్టాడు. అమ్మ పై బెర్తు మీంచి అంది: "మా పుట్టింటివాళ్లది పర్లాకిమిడి. మీ నాన్న వైపు అయిందిగా, ముందు అక్కడికి పదండి."