గ్రేస్: అమెరికన్ గాయకుడు జెఫ్ బక్లీ తొలి స్టూడియో ఆల్బమ్

1994లో వచ్చింది. 10 పాటలు, దాదాపు 52 నిమిషాలు. నిర్మాత ఆండీ వాలెస్. మొదటి పాట ‘మోజో పిన్’ వినీ వినపడనట్టు మొదలవుతుంది. వినపడట్లేదని వాల్యూమ్ పెంచారో, చివర్లో గిటార్లు, డ్రమ్స్ ఒక్కసారిగా మీద పడతాయి. ఆ హెచ్చుతగ్గులే ఈ ఆల్బమ్‌కి ప్రాణం. వాటిని సమం చేసే సెట్టింగ్ ప్లేయర్‌లో ఉంటే ఆపేయండి.

ఆరో పాట ‘హల్లెలూయా’, లియొనార్డ్ కోహెన్ రాసింది. ముందుగా వినిపించేది బక్లీ వదిలిన ఊపిరి. ఫోన్ స్పీకర్‌లో అది పోతుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే. ఆ తర్వాత దాదాపు 7 నిమిషాలూ ఒక ఎలక్ట్రిక్ గిటార్, ఒక గొంతు, అంతే. ఎల్‌పీలో (వినైల్ రికార్డులో) ఇది రెండో వైపు మొదట్లోనే, అంటే బయటి అంచు దగ్గరే ఉంటుంది. అంచు దగ్గర సూది కింద గాడి వేగంగా కదులుతుంది కాబట్టి ‘స’, ‘ష’లు చీలకుండా పలుకుతాయి. ‘ఎటర్నల్ లైఫ్’ మాత్రం హోరెక్కువై పక్క పాటలతో కలవలేదు.