చారు బీరు, ఆధార్ కార్డు, విలామెట్ లోయలో రెండు రోజులు

మేం అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్టన్‌లో ఉంటాం, పోర్ట్‌లాండ్ పక్కనే. ఇక్కడ ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల క్లబ్బు ఒకటుంది, అందులో నేను మూడేళ్లుగా మెంబర్ని. రిటైరైన నర్సు, వెల్డరు, నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు నలుగురైదుగురు, ఇదీ మా గుంపు. ప్రతి ఏడాదీ సెప్టెంబరు చివర్లో విలామెట్ లోయలో ఒక చిన్న ఊళ్లో పంట పండుగ జరిగితే అక్కడ మా టెంట్ పడుతుంది. ఊరి పేరు చెప్పను, ఎందుకంటే కింద బాత్రూముల గురించి తిట్టబోతున్నాను. పోయిన ఏడాది అమ్మానాన్నలు నల్గొండ నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు కాబట్టి వాళ్లనీ తీసుకెళ్లాం.

బయల్దేరే ముందు అమ్మకి ఒకటే టెన్షన్. "ఇంట్లో కాస్తున్నవా? పోలీసులు పట్టుకోరా?" కాయడం అంటే ఆమెకి గుడుంబానే గుర్తొస్తుంది, ఎక్సైజోళ్లు వచ్చి కుండలు పగలగొట్టడం చిన్నప్పుడు కళ్లారా చూసిన మనిషి. దారి పొడుగునా చెప్పాను. ఇక్కడ 1978లో అప్పటి ప్రెసిడెంటు కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంట్లో బీరు కాచుకోవడానికి కేంద్రం నుంచి అడ్డు పోయింది, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల దాకా పన్ను లేదు. అమ్మడం మాత్రం కుదరదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలైతే 2013 దాకా ఒప్పుకోనేలేదు. ఒరెగాన్‌లో కూడా 2010లో చట్టాన్ని పట్టిపట్టి చదివి, ఇంట్లో కాచింది ఇల్లు దాటకూడదన్నారు, ఆ ఏడాది రాష్ట్ర రాజధాని సేలంలో స్టేట్ ఫెయిర్ బీరు పోటీ ఆగిపోయింది, మరుసటి ఏడాది చట్టం మారిస్తే గానీ మళ్లీ గాడిన పడలేదు. అమ్మ అంతా విని "750 లీటర్లు ఎవరు తాగుతర్రా" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

బస సంగతి. పండుగ జరిగే ఊళ్లో గదులు చాలా తక్కువ, వేసవి మొదట్లోనే అయిపోతాయి. ఒక పాత ఇంట్లో పై గది దొరికింది గానీ నిటారు మెట్లు, బాత్రూం ముగ్గురికి ఒకటి. నాన్న మోకాళ్లకి అది పనికిరాదు. మా క్లబ్బు వాళ్లంతా మైదానం పక్కనే టెంట్లేసుకుని పడుకుంటారు. నడిచి వెళ్లొచ్చు, డ్రైవింగ్ గొడవ ఉండదు, వయసులో ఉన్నవాళ్లకి అదే బెస్ట్. మేం సేలంలో హైవే పక్క మోటెల్ తీసుకున్నాం, పన్నులతో రాత్రికి 140 డాలర్లు. కింది అంతస్తు కావాలని బుక్ చేసేటప్పుడే రాస్తే పైన ఇచ్చారు, లిఫ్ట్ లేదు, అరగంట వాదించాక మార్చారు. గది శుభ్రంగానే ఉంది. ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయి, అమ్మ వెంట తెచ్చిన కుక్కర్లో అన్నం వండింది. పొద్దున టిఫిన్ అని పెట్టింది వాఫుల్, అరటిపండు, అంతే. మన వాళ్లతో వెళ్తే పచ్చడి సీసా పట్టుకెళ్లండి.

సేలం నుంచి అరగంట. దారిలో ఇండిపెండెన్స్ అనే ఊరి చుట్టూ హాప్స్ తోటలు, బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు ఇవే. ఒకప్పుడు ఈ ఊరు తనని తాను ప్రపంచ హాప్స్ రాజధాని అని పిలుచుకునేది, ఇప్పుడు ఎక్కువ పంట వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా వైపు పండుతోంది. చాలా తోటలు కోసేశారు గానీ ఒకచోట ఇంకా నిలబడి ఉంటే కారు ఆపాం. పద్దెనిమిది అడుగుల ఎత్తున తీగలు, ఆకుపచ్చ పూగుత్తులు, నలిపితే నారింజ తొక్క వాసన. నాన్న మెడ ఎత్తి చూసి "ఇది బీర పందిరా, బీరు పందిరా?" అన్నాడు. ఆ జోకు ఆయన ఆ తర్వాత రెండు రోజుల్లో కనీసం ఆరుగురికి చెప్పాడు, అందులో ఇద్దరికి తెలుగు రాదు.

గేటు దగ్గర అసలు కథ. 21 ఏళ్లు నిండినట్టు ఐడీ చూపిస్తేనే చేతికి పట్టీ కడతారు. నాన్నకి 68, జుట్టంతా తెలుపు, అయినా అడిగారు. ఆయన దర్జాగా జేబులోంచి ఆధార్ కార్డు తీశాడు. గేటు దగ్గరున్న కాలేజీ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి, వాళ్ల పెద్దాయన్ని పిలిచి, ఇద్దరూ చూసి, చాలా మర్యాదగా కాదన్నారు. "మోదీ సర్కారు ఇచ్చిందమ్మా" అన్నాడు నాన్న. లాభం లేదు. పాస్‌పోర్టేమో మోటెల్‌లో, అమ్మ పెట్టెలో చీరల మడతల్లో. మా ఆవిడ పాపం వెనక్కి వెళ్లి తెచ్చింది, గంట పోయింది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లతో ఇలాంటి చోటికి వెళ్తే ఒరిజినల్ పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి, ఫొటో చూపిస్తే కుదరదు.

ఈలోగా టెంట్‌లో నా పరిస్థితి ఘోరం. నేను తెచ్చింది గోసె అనే జర్మన్ పుల్ల బీరు, గోధుమ మాల్టుతో, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గోధుమలతో కాస్తారు, అందులో ఉప్పు, ధనియాలు పడతాయి. ఉప్పు, ధనియాలు అనగానే నాకు చారు గుర్తొచ్చి అరకిలో చింతపండు పిసికి గుజ్జు కలిపాను. పీపా మీద 'చారు బీరు' అని తెలుగులోనే రాశాను. తీరా ట్యాప్ తిప్పితే నురగే నురగ, గ్లాసులో రెండు చుక్కలు. మా దగ్గరున్నది అడుగున అల్యూమినియం పలక ఉండే ఐస్ పెట్టె, బీరు ఆ పలకలోని గొట్టాల్లోంచి చల్లబడి వస్తుంది. ఐస్ పలకని ఆనుకుని ఉండాలి, కరిగిన నీళ్లు ఎప్పటికప్పుడు బయటికి పోవాలి, లేకపోతే బీరు సరిగ్గా చల్లబడక నురగైపోతుంది. నేను నీళ్లు కారుతున్నాయని కన్నానికి బిరడా పెట్టాను! పలక బదులు గొట్టం చుట్ట ఉండే రకం పెట్టెకైతే ఐస్‌తో పాటు నీళ్లు కూడా పొయ్యాలి, దీనికి ఉల్టా. రిటైర్డ్ నర్సు వచ్చి బిరడా పీకి, పీపా మీద తడి తువ్వాలు కప్పి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. పావుగంటలో బీరు సాఫీగా వచ్చింది.

మా టెంట్‌లో అన్నీ ఉచితం, చిన్న గ్లాసులో నాలుగు ఔన్సులు, అంటే 120 మిల్లీలీటర్లు. డబ్బు తీసుకోకూడదు కాబట్టి టిప్పు డబ్బా కూడా పెట్టలేదు. పక్కన కంపెనీల టెంట్లలో పెద్ద గ్లాసు ఏడు డాలర్లు, పోసేవాళ్లు వాలంటీర్లు, ఇందులో ఏ హాప్స్ అంటే బోర్డు చదివి చెబుతారు. మా వెల్డరు మాత్రం పచ్చి హాప్స్ బీరు తెచ్చాడు, తీగ నుంచి తెంపిన రోజే ఆరబెట్టకుండా వేసింది. ఆ పూలు ఇచ్చిన రైతే మధ్యాహ్నం వచ్చాడు, రెండు గుక్కలు తాగి, నా తప్పే, రెండు రోజులు ఆలస్యంగా కోశాను, ఉల్లిపాయ వాసన తగులుతోంది అన్నాడు. ఇద్దరూ ముప్పావుగంట దాని మీదే మాట్లాడుకున్నారు. రోజంతా నేను విన్న మాటల్లో అదే నాకు బాగా నచ్చింది.

నాన్న పట్టీ కట్టించుకుని వచ్చాక ముందు ఆ పచ్చి హాప్స్ బీరు తాగి "చేదుంది గానీ వాసన మంచిగుంది, తెల్లారుజామున చెట్టు దిగిన కల్లు లెక్క" అన్నాడు. ఎంత తాజాగా తాగితే అంత మంచిదన్న సంగతి ఎవరూ చెప్పకుండానే పట్టేశాడు. నాది తాగి కాసేపు ఆలోచించి "చారు మంచిగనే ఉంది, బెల్లం మరిచినవ్ రా" అన్నాడు.

తిండి విషయంలో ఫస్ట్ మార్కు మెక్సికన్ కుటుంబం పెట్టిన తమాలేల బండికి, మొక్కజొన్న పిండి ముద్దని పొట్టులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. సాసేజ్ బండి దగ్గర వరస పొడుగు, సరుకు మామూలు. ఆ రోజు శనివారం కాబట్టి అమ్మ నీచు ముట్టదు, కాల్చిన మొక్కజొన్న కంకి మీద నిమ్మకాయ, కారం రాసి ఇస్తే రెండు తింది.

ఇక బాత్రూములు. బీరు పండుగకి మైదానం మొత్తం మీద ఆరంటే ఆరు! సాయంత్రం నేను పాతిక నిమిషాలు లైన్లో నిలబడ్డాను, చేతులు కడుక్కునే చోట నీళ్లు నాలుగింటికే అయిపోయాయి. సేలంకి అరగంటకో షటిల్ అని పోస్టర్ మీద వేశారు, మేం చూసినంతసేపట్లో వచ్చింది రెండుసార్లు. ఉబర్ యాప్ తెరిస్తే ఒక్క కారూ కనపడలేదు. మా ఆవిడ తాగదు, ఆమె నడిపింది కాబట్టి బతికిపోయాం. మీలో ఒకరు తాగకుండా ఉండలేకపోతే టెంటే వేసుకోండి.

ఆదివారం పొద్దున సిల్వర్ ఫాల్స్ అనే జలపాతాల పార్కు. పది జలపాతాలూ చూస్తూ చుట్టి రావాలంటే ఏడు మైళ్ల పైనే నడక, పెద్దవాళ్లతో అది వద్దు. సౌత్ ఫాల్స్ ఒక్కటి చాలు, 177 అడుగులు, ధార వెనకాలకి దారి ఉంది, ముందు నిలబడి చూసేదాని కంటే వెనకాల నుంచే బాగుంటుంది. సెప్టెంబరు కాబట్టి నీళ్లు సన్నగా ఉన్నాయి. తిరిగొస్తూ మౌంట్ ఏంజెల్ మీదుగా వచ్చాం, అక్కడ కొండ మీద క్రైస్తవ సన్యాసుల మఠం, కొండ కింద 2018 నుంచి వాళ్లదే సొంత బీరు కేంద్రం. సన్యాసులు బీరు కాస్తారనేసరికి అమ్మ కారు దిగనంది. నాన్న దిగాడు.

సాయంత్రం టెంట్ ఎత్తేసరికి నా పీపాలో మూడు లీటర్ల దాకా మిగిలింది, ఇంటికి తెచ్చాం. రాత్రి భోజనాల దగ్గర నాన్న వంటింట్లోకి వెళ్లి చిన్న బెల్లం ముక్క తెచ్చి గ్లాసులో పడేశాడు. నురగ బుస్సున పొంగి టేబుల్ మీదా, ఆయన లుంగీ మీదా పడింది. మిగిలిన సగం గ్లాసు తాగి, "ఇప్పుడు అయింది చారు" అన్నాడు.