టూ వీల్ డ్రైవా, ఫోర్ బై ఫోరా? మారేడుమిల్లి నుంచి అరకు దాకా రెండు స్కార్పియోలతో

ఏడుగురు కూర్చునే పెద్ద బండి కొందామని అనుకున్నప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే చర్చ. ఇంజను బలం వెనక చక్రాలకే అందే టూ వీల్ డ్రైవ్ సరిపోతుందా, లేక రెండు లక్షలకు పైగా ఎక్కువ పెట్టి, నాలుగు చక్రాలకూ బలం అందించే వీలున్న ఫోర్ బై ఫోర్ తీసుకోవాలా? మా బావగారి దగ్గర స్కార్పియో-ఎన్ టూ వీల్ డ్రైవ్ ఉంది. గుంటూరు వైపు మిర్చి, పత్తి వేసే నా స్నేహితుడి దగ్గర అదే బండి ఫోర్ బై ఫోర్. రెండూ డీజిల్ ఆటోమేటిక్‌లే, రెండిటికీ కంపెనీ ఇచ్చిన టైర్లే. పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదని, కొండల్లో నేల ఇంకా ఆరని అక్టోబరులో రాజమండ్రి నుంచి బయల్దేరాం.

రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వరకూ తారు రోడ్డే. అక్కడిదాకా రెండు బండ్లకీ తేడా ఏమీ లేదు. బస అటవీశాఖ వారి వనవిహారిలో. గదులు సాదాసీదాగా ఉంటాయి కానీ చుట్టూ చెట్లు, బండి పెట్టుకోవడానికి గట్టి నేల ఉన్నాయి. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి ఈ దారిలో నేను మొదట చెప్పేది ఇదే. బొంగు చికెన్ ముందుగా చెప్పి చేయించుకుంటే వేడిగా దొరుకుతుంది. హడావిడిగా వెళ్లి అడిగితే ముందే కాల్చి పెట్టిందే చేతిలో పెడతారు.

గుడిస కొండ దగ్గరే అసలు విషయం తెలిసొచ్చింది. సూర్యోదయం చూడాలంటే బాగా చీకటి ఉండగానే కదలాలి. పై దారంతా రాళ్లూ, వాన కోసిన గాళ్లూ. స్నేహితుడికి తన బండితోనే ఎక్కాలని మహా ఉబలాటం. చివరికి స్థానిక జీపు మాట్లాడుకున్నాం, అదే మంచిదైంది. స్కార్పియో-ఎన్ పొడవు నాలుగున్నర మీటర్లకు పైనే. నాలుగు చక్రాలూ లాగినంత మాత్రాన బండి పొట్టిదైపోదు, అడుగుభాగం రాళ్లకు తగలకుండా పోదు. జీపు పొట్టిది, తేలికైనది. పైగా ఏ రాయి మీద చక్రం ఎక్కించాలో, ఏ గాడి వదిలెయ్యాలో ఆ డ్రైవరుకి చీకట్లో కూడా తెలుసు. ఆ డబ్బు ఆ ఊళ్లోనే ఉంటుంది, అది నాకు ఇంకా నచ్చింది.

మళ్లీ రంపచోడవరం వచ్చి 516ఇ జాతీయ రహదారి పట్టుకుని కొయ్యూరు, చింతపల్లి వైపు వెళ్లాం. వెడల్పు పనులు జరుగుతున్న చోట ఎర్రమట్టి డైవర్షన్లు వచ్చాయి. స్నేహితుడు ఫోర్ హైలో, అంటే మామూలు వేగంతోనే నాలుగు చక్రాలూ లాగే మోడ్‌లో వేశాడు. బావగారు నెమ్మదిగా, బ్రేకు పెద్దగా తొక్కకుండా నడిపారు. రెండూ దాటాయి. దాటుతూ రెండూ జారాయి కూడా! రోడ్డు టైరు గాళ్లలో జిగురు మట్టి నిండిపోతే, బలం రెండు చక్రాలకు అందినా నాలుగింటికి అందినా పట్టు దొరకదు. ఫోర్ బై ఫోర్ గురించి మాట్లాడేవాళ్లు టైర్ల గురించి మాట్లాడకపోవడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

లంబసింగిలో టెంట్లు తీసుకున్నాం. పొద్దున్నే మంచు చూడటం బాగుంది, బక్కెట్లతో వేడినీళ్లు కూడా ఇచ్చారు. కానీ పార్కింగంటూ ఏటవాలు గడ్డి నేల చూపించారు. రాత్రి వాన పడింది. తెల్లారాక ఫోర్ బై ఫోర్ చడీచప్పుడు లేకుండా పైకి వచ్చేసింది. బావగారి బండి వెనక చక్రాలు మాత్రం ఉన్నచోటే తిరిగి గడ్డిని చీల్చి బురదలో దిగబడ్డాయి. వెనక సీట్లు ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద బరువు చాలదు, పట్టూ ఉండదు. చక్రాల కింద రాళ్లూ ఎండుగడ్డీ వేసి, చివరి సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి, కొద్దిగా యాక్సిలరేటరు ఇస్తే మెల్లగా కదిలింది. ఈ ప్రయాణం మొత్తంలో నాలుగు చక్రాలకూ నిజంగా విలువ వచ్చింది ఇక్కడే, అదీ సరైన పార్కింగ్ లేకపోవడం వల్ల. టెంటు బుక్ చేసేముందు ఫోనులో తప్పకుండా అడగండి: వాన పడితే బండి ఎక్కడ పెట్టాలి?

వంజంగి కొండకి పాడేరులో లాడ్జి తీసుకుని వెళ్లాం. మంచం, బాత్రూం, తలుపు గట్టిగా ఉంటే చాలనుకునేవాళ్లకి టెంటు కన్నా ఇదే నయం. సెలవు రోజుల్లో వంజంగి దారి ఇరుకు, జనం ఎక్కువ. ఎదురుగా బండ్లు నిలిచిపోతే ‘ఫోర్ లో’ (4L, నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. బండి కింద పెట్టి స్థానికుల వాహనంలో వెళ్లగలిగినంత వెళ్లి, మిగతాది నడిచాం. అరకులో పర్యాటక సంస్థ హరిత రిసార్టులో దిగాం. పార్కింగ్ బాగుంది, సీజన్లో ముందు బుక్ చేసుకోకపోతే దొరకడం కష్టం. బొర్రా దగ్గర కటికి జలపాతానికి మళ్లీ జీపే.

అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు సన్నగా వాన. చాలామంది అపోహ పడేది ఇక్కడే. ఫోర్ బై ఫోర్ బండిని త్వరగా ఆపదు. బ్రేకులు అన్ని బండ్లలోనూ నాలుగు చక్రాలకే పడతాయి. తక్కువ గేరు, మంచి టైర్లు, నిదానం, ఇవే కాపాడతాయి. పైగా ఇలాంటి బండ్లలో ఫోర్ బై ఫోర్‌ని ఆరిన తారు మీద వాడకూడదు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు దూరాలు తిరగాలి. మధ్యలో ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. అంటే ఈ ప్రయాణంలో అధిక భాగం స్నేహితుడి బండి కూడా టూ వీల్ డ్రైవే.

అయినా అతను కొన్నది సరైన బండే అంటాను. ఎందుకంటే అతను కొన్నది కొండల కోసం కాదు, చేను కోసం. వానాకాలంలో నల్లరేగడి బాట మీద అడుగేస్తే చెప్పు ఊడిపోతుంది. పురుగుమందు, కూలీలను తీసుకుని అతను ఆ బాటలో వారం వారం వెళ్లాలి. గోదావరి లంకల్లో ఇసుక మీద తోటకి వెళ్లే రైతు అడిగినా నేను ఫోర్ బై ఫోరే తీసుకోమంటాను. ఏడాదికోసారి చూసే కొండ కన్నా, నెలనెలా దాటక తప్పని ఆ కిలోమీటరు బాటే లెక్క.

మా వాడకం వేరు. సిటీ, హైవే, ఏడాదికి ఒకటి రెండు ఘాట్ ప్రయాణాలు. ధర తేడాతో పాటు దాని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కూడా పెరుగుతాయి. బలాన్ని ముందు చక్రాలకు కూడా పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్ నూనెల ఖర్చు అదనం, మైలేజీ కాస్త తక్కువ. అందుకే టూ వీల్ డ్రైవ్‌కే బుకింగ్ ఇచ్చాం. మిగిలిన దాంట్లో కొంత, మట్టి బాటల మీద కూడా పట్టు ఇచ్చే ఆల్ టెర్రైన్ టైర్లకి పెడతాం.

టూ వీల్ డ్రైవ్‌లోనూ తేడా ఉంది. ఇన్నోవా హైక్రాస్ ముందు చక్రాలు లాగే బండి. నిండా మనుషులతో, సామానుతో తడి ఏటవాలు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోయి ముందు పట్టు తగ్గుతుంది. క్రిస్టా, స్కార్పియో, టూ వీల్ డ్రైవ్ ఫార్చ్యూనర్ వెనక చక్రాలవి, అలాంటి చోట కొంత నయం. ఆల్ వీల్ డ్రైవ్ అని అమ్మేవాటిలో చాలావాటికి ‘ఫోర్ లో’ గేరు ఉండదు. చేను బాట కోసం కొనేవాళ్లు షోరూంలో ఈ ఒక్కటీ తేల్చుకుని గానీ అడ్వాన్సు కట్టకండి.