విమాన దూరం లెక్క: మ్యాపా, దారమా, సూత్రమా?

ఫిన్లాండ్‌లో హెల్సింకీ, అలాస్కాలో ఆంకరేజ్. రెండు విమానాశ్రయాలూ 60, 61 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరే ఉన్నాయి. రేఖాంశాల్లో మాత్రం తేడా దాదాపు 175 డిగ్రీలు. దూరం లెక్కగట్టే ఏ పద్ధతిలో ఎంత పస ఉందో తేల్చడానికి ఇలాంటి జంటే కావాలి.

గోడ మ్యాపు మీద పైథాగరస్ సూత్రం వేసి, డిగ్రీకి 111 కిలోమీటర్లు లెక్కగడితే 19,400 దాటుతుంది. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయని ఈ లెక్కకు తెలియదు మరి. అది సరిచేసి అక్షాంశం వెంబడే కొలిస్తే సుమారు 9,500. ధ్రువానికి దగ్గరగా దాటిపోతే అసలు దూరం 6,500 మాత్రమే! మ్యాపును చుట్టి పక్కన పెట్టేయండి.

గ్లోబు మీద దారం బిగించి లాగితే మాత్రం దారి దానంతటదే ధ్రువం వైపు జరుగుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. 30 సెంటీమీటర్ల గ్లోబు మీద ఈ దూరం 15 సెంటీమీటర్ల పైచిలుకు. కాకపోతే ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే 42 కిలోమీటర్లు పోయినట్టే. పిల్లలకు చూపించడానికి ఇదే బెస్ట్, లెక్కకు కాదు.

నా ఓటు హావర్‌సైన్ సూత్రానికే. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి బంతి అనుకుని, గ్రేట్ సర్కిల్ దూరం, అంటే ఆ బంతి మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి ఎంతో చెబుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క గడి చాలు. నేను మొదటిసారి వేసినప్పుడు 5,700 చిల్లర వచ్చింది. నమ్మేశాను కూడా. ఆంకరేజ్ పశ్చిమ రేఖాంశంలో ఉంది, 150 ముందు మైనస్ పెట్టడం మర్చిపోయాను. జవాబు మరీ వింతగా ఉంటే వెంటనే పట్టుకునేవాణ్ణి. నమ్మేలా ఉండబట్టే దొరకలేదు. డిగ్రీలను రేడియన్లలోకి (కోణాన్ని కొలిచే మరో ప్రమాణం) మార్చడం కూడా మరవకండి.

భూమి నిజంగా బంతి కాదు, ధ్రువాల దగ్గర కాస్త అణిగి ఉంటుంది. 1975లో వచ్చిన విన్సెంటీ సూత్రం దీన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మన జంటకు 20 కిలోమీటర్లకు పైగా తేడా వస్తుంది, అంటే అర శాతం కూడా కాదు. పైగా రెండు చోట్లూ భూమికి దాదాపు ఎదురెదురు వైపుల ఉంటే విన్సెంటీ లెక్క జవాబు తేలకుండా మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు 2013 నాటి కార్నీ పద్ధతి నయం. విమానం ఆలస్యమైతే ఇచ్చే పరిహారానికి యూరోపియన్ యూనియన్ 1,500, 3,500 కిలోమీటర్ల గీతలు పెట్టింది. మీ ప్రయాణం సరిగ్గా ఆ గీత మీద పడితే తప్ప ఈ శ్రమ ఎందుకు?

ఇక విమానం నిజంగా ఎగిరే దూరం వేరే కథ. 2022లో రష్యా గగనతలం మూసుకున్నాక హెల్సింకీ నుంచి టోక్యోకు వెళ్లే విమానాలు చుట్టుదారి పట్టి గంటల తరబడి ఎక్కువ ఎగురుతున్నాయి. హావర్‌సైన్‌ను అడిగితే మాత్రం ఇప్పటికీ పాత జవాబే చెబుతుంది.